సింకు కింద శనివారం

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో నేను ఏ కొట్టుకు వెళ్ళాల్సి వచ్చినా, అక్కడ జరగబోయే సంభాషణ అంతా ముందుగా డైరీలో రాసుకునేదాన్ని. నా మాటలే కాదు, కొట్టాయన మాటలు కూడా. ఏం కావాలమ్మా అని ఆయన అంటాడు, అరకిలో కందిపప్పండి అని నేనంటాను, కొత్త సరుకేనమ్మా అని ఆయన చెబుతాడు, సరేనండి అని నేను తలూపుతాను. అలా ఆ పెద్దమనిషి చేత ఎంతో మర్యాదగా మాట్లాడించి, చివర్లో మళ్ళీ రండమ్మా అని కూడా అనిపించి, అప్పుడు చెప్పులు వేసుకునేదాన్ని. తీరా వెళ్ళాక ఆయన నా రాతకు కట్టుబడేవాడు కాదు. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, ఏం కావాలన్నట్టు నా వైపు గడ్డం ఎగరేసేవాడు. గడ్డం ఎగరేస్తే ఏం చెప్పాలో నేను రాసుకోలేదు కదా. దాంతో చేతికి దగ్గరగా ఏ బిస్కట్ ప్యాకెట్టు ఉంటే అది చూపించి, కొనుక్కుని వచ్చేసేదాన్ని. (నాకు బిస్కట్ల పిచ్చి అని మా నాయనమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది. నాకు బిస్కట్లంటే ఏమంత ఇష్టం లేదు.)

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ మందుల కొట్టు మేడ మీద కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు కొట్టే ఉద్యోగం దొరికింది. ఎదుటి మనిషి మొహం చూడకుండా రోజంతా గడిపేయగల ఉద్యోగం ఈ లోకంలో ఒకటుందని, అది నాకే దొరికిందని తెలిసి నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. మా ఊరు కాలవల దిగువన, బస్సు దిగాక కూడా చాలా దూరం నడవాల్సిన చోట. రోజూ వచ్చిపోవడం కుదరదు కాబట్టి బెజవాడలో ఇల్లు తీసుకోవాలి. నాన్న రెండు షరతుల మీద ఒప్పుకున్నారు. ఒకటి, నాయనమ్మ నాకు తోడుగా ఉండాలి. రెండు, ఇంటివాళ్ళ దగ్గర్నుంచి ఒక్క మాట కూడా రాకూడదు. మాట వచ్చిందంటే పెట్టె సర్దుకుని వచ్చెయ్యమ్మా, నీ జీతంతో గడవాల్సిన ఇల్లేం కాదుగా మనది, అన్నారు. గొంతు పెంచి అనలేదు. నాన్న గొంతు పెంచి అన్న మాటలు మర్నాటికి మారిపోతాయి, మెల్లగా అన్నవి మారవు. అందుకే నాకు ఆ రెండో షరతంటే అంత భయం.

ఇల్లు మాత్రం నేను కోరుకున్నట్టే కుదిరింది. ఆఫీసుకు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక సందు చివర, పై వాటా. ఒక గది, వంటిల్లు, వేపకొమ్మ లోపలికి తొంగిచూసే కిటికీ. ఆ కిటికీ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, అంత వెలుతురులో కళ్ళు పాడవుతాయే అనేవాళ్ళు ఎవరూ లేకుండా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పుస్తకాలు బయటపెట్టి చదువుకున్నాను. (మా ఊళ్ళో నా పుస్తకాలు మంచం కింద, ధాన్యం బస్తాల వెనక, ఎక్కడ చోటుంటే అక్కడ బతికేవి.) ఆ కుర్చీ కోసం నేను ఏమైనా చేయగలను అనిపించేది. ఏమైనా అంటే, మాట్లాడ్డం తప్ప.

కింది వాటాలో ఇంటి ఓనరు ఉండేది. మేము కింద ఆంటీ అనేవాళ్ళం. ఆవిడ పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ నేతవాళ్ళవే. ఊళ్ళో మగ్గాల మీద నేసిన చీరలు తెప్పించి ఇంట్లోనే అమ్మేది. చీరలు పేర్చిన చెక్క అరలు సరిగ్గా మా వంటింటి కింద గదిలో ఉండేవి. ఇది మాకు ఇంట్లో చేరిన వారానికే తెలిసింది, ఎందుకంటే మా నాయనమ్మ మా ఊరి అలవాటు కొద్దీ వంటింటి గచ్చు మీద బిందెడు నీళ్ళు పోసి చీపురుతో కడిగింది. ఆ నీళ్ళు పైపుల పక్క సందుల్లోంచి దారి వెతుక్కుని కిందకు దిగాయి. మొదటిసారి ఆంటీ ఊరుకుంది. రెండోసారి నేనే స్నానాల గదిలో కుళాయి కట్టకుండా పుస్తకంలో పడిపోయాను. అప్పుడు ఆంటీ మెట్లెక్కి వచ్చింది. రెండు చేతుల మీదా ఒక చీరను జ్వరం వచ్చిన పిల్లను ఎత్తుకొచ్చినట్టు పట్టుకొచ్చి, తడిసిన అంచు మాకు చూపించింది.

"మామ్మగారూ, మర్యాదగా చెప్తున్నా. ఇంకొక్కసారి నీళ్ళు కిందకి దిగినాయంటే ఇల్లు చూసుకోండి" అంది.

నాయనమ్మ ఆ సాయంత్రం నాన్నతో ఫోనులో మాట్లాడుతూ ఈ సంగతి మింగేసింది. నేనూ మింగేశాను. కానీ ఆ తర్వాత మేమిద్దరం నీళ్ళను చూసే తీరు మారిపోయింది. గ్లాసుతో మంచినీళ్ళు తాగినా కింద చెయ్యి పట్టి తాగేవాళ్ళం.

అలాంటి ఇంట్లో ఒక శనివారం, నాకు ఆఫీసు లేని రోజు, ఉల్లిపాయల కోసం సింకు కింద చెయ్యి పెట్టిన నాయనమ్మ తడిసిన చెయ్యి బయటికి తీసి, నాకు చూపించి, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే పరిస్థితి ఏ స్థాయికి చేరిందో నాకు అర్థమైపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని ఫోను లైటు వేసి చూశాను. సింకు మీద కొంగ మెడలా వంగి ఉండే కుళాయి ఒకటుంది కదా, దాని కాడ సింకులోంచి కిందకు దిగి, నీళ్ళు తెచ్చే సన్న గొట్టంతో కలిసే చోట ఒక నట్టు ఉంటుంది. సింకు గుంటకూ గోడకూ మధ్య, బాగా పైకి, చీకట్లో. అక్కడినుంచి చుక్క తర్వాత చుక్క. గొట్టానికి మొదట్లో నీళ్ళు కట్టేసే పిడి ఒకటుంది గానీ, అది ఇంటితో పాటే పుట్టి ఇంటితో పాటే బిగుసుకుపోయింది. డాబా మీద ట్యాంకు కట్టేద్దామంటే కింద వాటాకూ అదే ట్యాంకు. నీళ్ళు ఆగిన మరుక్షణం ఆంటీ మెట్ల మీద ఉంటుంది. ప్లంబరుకు ఫోను చేస్తే సోమవారం చూద్దాంలెండి అన్నాడు. సోమవారం వస్తానని కాదు, చూద్దామని.

ఉల్లిపాయల బుట్ట తీసేసి అక్కడ పాలగిన్నె పెట్టాం. అంతకన్నా పెద్ద గిన్నె అక్కడ పట్టదు. అది నిండేలోపల నేను రెండు పేజీలు చదవగలను, నాయనమ్మ వీధి మీద పోయే మనుషుల గురించి రెండు మాటలు అనగలదు. అంతలో మళ్ళీ వంగి పారబోయాలి. ఇలాగే సోమవారం దాకా నెట్టుకొద్దామా అనుకుంటూ ఉండగా, కింద ఆంటీ ఎవరితోనో ఫోనులో అంటున్న మాటలు కిటికీలోంచి వినపడ్డాయి. హనుమాన్ జంక్షన్ నుంచి పెళ్ళివాళ్ళు రేపు పొద్దున్నే వస్తున్నారట. వాళ్ళ కోసం తెప్పించిన చీరలన్నీ ఇవాళే అరల్లో సర్దేసిందట. నాయనమ్మా నేనూ ఒకేసారి గచ్చు వైపు చూశాం. మా కాళ్ళ కింద ఒక పెళ్ళి మొత్తం మడతలు పెట్టి ఉంది.

నేను నట్టు అందుకుందామని చెయ్యి పెట్టాను. ఆ సందులో నాలుగు వేళ్ళు పడుతున్నాయి, పిడికిలి పట్టడం లేదు. వేలి కొసకు నట్టు తగులుతోంది, వదులుగా ఉన్నట్టు కూడా తెలుస్తోంది, తిప్పడానికి మాత్రం పట్టు లేదు. నాయనమ్మ వెంటనే పొయ్యి దగ్గరి పట్టకారు తెచ్చిచ్చింది. దాంతో ఆవిడ తన జీవితంలో ఎన్ని అన్నపు గిన్నెలు దించిందో, దానికి లొంగని వస్తువు ఉండదని నమ్మకం. పట్టకారు నట్టును పట్టుకున్నట్టే పట్టుకుని జారిపోయింది, నా వేలి కణుపు దోక్కుపోయింది. అప్పుడు ఫోనులో వెతికితే ఎవరో తెల్లాయన సింకు కింద వెల్లకిలా పడుకుని, పొడవాటి కడ్డీ చివర పక్షి ముక్కులాంటిది ఉన్న ఒక పనిముట్టుతో అచ్చం ఇలాంటి నట్టునే పాట పాడుతున్నట్టు తిప్పేస్తున్నాడు. ఇలాంటిదొకటి కొనుక్కొస్తానని నాయనమ్మతో అన్నాను.

"ఇయ్యాళ ఏం వారం?" అంది నాయనమ్మ.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. శనివారం ఇనుము కొనకూడదు. కొంటే శనిదేవుణ్ణి సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నట్టే. మా ఇంట్లో శనివారం పూట గుండుసూది కూడా కొనలేదు ఎప్పుడూ. నాయనమ్మ వాళ్ళ పెద్దన్నయ్య ఒకసారి ఎవరెంత చెప్పినా వినకుండా శనివారం నాడు గునపం కొనుక్కొచ్చాడట, అదే వారం గేదె తప్పిపోయిందట. గేదె దొరికింది కదా నాయనమ్మా అన్నాను, ఈ కథ చిన్నప్పటినుంచీ వింటున్నదాన్ని కాబట్టి. దొరికిందిలే, కానీ తప్పిపోయిందిగా, అంది. గిన్నె మళ్ళీ నిండింది. పారబోసొచ్చి నాయనమ్మ కాస్త మెత్తబడి, ఇత్తడిదో ప్లాస్టిక్‌దో చెక్కదో ఉంటే తెచ్చుకో, ఇనుము మాత్రం గడప దాటడానికి వీల్లేదు, అని తీర్పు చెప్పింది. గిన్నె దగ్గర కాపలాకు ఆవిడ కూర్చుంది. నేను చెప్పులు వేసుకున్నాను. డైరీ తెరవడానికి వ్యవధి లేదు.

ఇనుప సామాన్ల కొట్టు నేను రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలోనే ఉంది, కానీ ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. అది మగవాళ్ళ కొట్టు. గల్లా దగ్గర కొట్టాయన, బల్ల ముందు ఏదో స్క్రూ కోసం వచ్చిన ఒక ఆటో డ్రైవరు, పెయింటు కొనడానికి వచ్చిన ఒక లావాటి పెద్దమనిషి ఉన్నారు. ముగ్గురూ మాటలాపి నా వైపు చూశారు. దారి పొడుగునా మనసులో కూర్చుకున్న వాక్యాన్ని ఒక్క ఊపిరిలో అప్పజెప్పేశాను. "అండీ, సింకు వెనక భాగాన, చెయ్యి దూరని ఇరుకు స్థలంలో ఉండే నట్టును బిగించుటకు అనువైన సాధనం, ఇనుముతో చేయనిది, కావాలండి."

ఆటో డ్రైవరు ఎంతో గౌరవంగా, తెలుగు టీచరుగారాండీ, అని అడిగాడు.

కొట్టాయన మాత్రం అసలు విషయం పట్టేశాడు. ఇనుము కానిది అనగానే ఆయన మొహంలో ఒక పాత దిగులు కదిలింది. "శనివారమనేగామ్మా" అన్నాడు. ఇక ఆయన గోడు మొదలైంది. శనివారం వచ్చిందంటే ఆ కొట్లో ప్లాస్టిక్ బకెట్లు, తాళ్ళు, చీపుళ్ళు తప్ప ఏమీ కదలవట. ఇనప వస్తువు చేత్తో పట్టుకుని బరువు చూస్తారట, ధర అడుగుతారట, బేరం కూడా ఆడతారట, రేపొచ్చి తీసుకుంటామని వెళ్ళిపోతారట. రేపు ఆదివారం, ఆయనకు సెలవు. ఆటోనగర్లో వాళ్ళు ఇట్టా వారాలు చూసుకుంటే ఊళ్ళో ఒక్క బండి కూడా రోడ్డెక్కదండీ అని ఆటో డ్రైవరు అందుకున్నాడు. వారాల సంగతి కాదయ్యా, ముందు ఆ అమ్మాయి నట్టు సంగతి చూడండి అని పెయింటు పెద్దమనిషి మందలించాడు. మందలించి, నట్టు బిగించడం దేనికి, చుట్టూ ఇంత ఎంసీల్ మెత్తి వదిలెయ్యక, అని తన సలహా కూడా పడేశాడు. నీళ్ళు కారుతుండగా ఎంసీల్ ఎట్టా అంటుకుంటదండీ అని ఆటో డ్రైవరు ఆయన మీదకు వెళ్ళాడు. నా నట్టు మీద హక్కు నాకు పూర్తిగా పోయింది.

కొట్టాయన ఇనుమైనా ఇత్తడైనా ముందు చూడండమ్మా, చూడ్డానికి వారం లేదుగా అంటూ, గోడ మీంచి ఒక పైపు రెంచి దించి బల్ల మీద పెట్టాడు. బల్ల కదిలింది. దీంతో బోరు పైపులే తిప్పేస్తారు, మీ నట్టెంత, అన్నాడు. నాకు ఆ రెంచిని ఎత్తడమే పెద్ద పని, అది మా సింకు వెనకాల దూరడం కలలో మాట. ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. ఇరుకు అంటే ఎంత ఇరుకో నా వేళ్ళకు తెలుసు గానీ నోటికి రావడం లేదు. పెయింటు పెద్దమనిషి కొన్న డబ్బాలు రెండు బల్ల మీద ఉన్నాయి. ఏ ధైర్యంతో చేశానో ఇప్పటికీ తెలియదు, ఆ రెండు డబ్బాలనూ దగ్గరికి జరిపి, వాటి మధ్య నా నాలుగు వేళ్ళు పెట్టి కొలుచుకుని, ఇది సింకండీ, ఇది గోడండీ, అన్నాను.

అంతే, కొట్టు మొత్తం మా వంటిల్లయిపోయింది. ఆటో డ్రైవరు గోడకున్న ఒక కొత్త కుళాయి తీసి, దానికి నట్టు తగిలించి, డబ్బాల వెనక సరైన ఎత్తులో పట్టుకుని నిలబడ్డాడు. పైపు రెంచి డబ్బాల మధ్య దూరబోయి గోడను, అంటే రెండో డబ్బాను, దొర్లించేసింది. పెద్దమనిషి దాన్ని గుండెకు హత్తుకుని పట్టుకున్నాడు. తర్వాత స్క్రూ స్పానరు. అది లోపలికి వెళ్ళింది, నట్టునూ పట్టుకుంది, కానీ తిప్పడానికి చోటు లేక బియ్యపుగింజంత కదిలి ఆగిపోయింది. ఇలా తిప్పుకుంటూ పోతే నాకు రిటైర్మెంటు వయసు వస్తుందేమో గానీ నట్టు బిగుసుకోదు. ఆ తర్వాత కొట్టాయన ఆశగా ఒక ప్లాస్టిక్ గొట్టంలాంటి పానా తీశాడు. రంగురంగుల అట్టలో, నాయనమ్మ షరతుకు అక్షరాలా సరిపోయేటట్టు. దాని నోట్లో మా నట్టు వదులు గాజులో చెయ్యిలా తిరిగింది. నేను మోకాళ్ళు వంచి డబ్బాల కింద నుంచి పైకి చూస్తూ, ఇది కూడా కాదండీ, అంటున్నాను. అప్పుడే కొట్టాయన వెనక కొక్కేనికి దుమ్ముకొట్టుకుపోయి వేలాడుతున్న కడ్డీ ఒకటి కనిపించింది. పొడుగు కాడ, కింద అడ్డంగా పిడి, పైన ఒక పక్కకు వాలిపోయిన ముక్కు.

అదేంటండీ అని అడిగాను. ఆయన వెనక్కి తిరిగి చూసి, దాన్ని తనూ మొదటిసారి చూస్తున్నట్టు తల గోక్కుని, ఎప్పుడో సరుకుతో పాటు వచ్చిందమ్మా, దేనికో నాకూ తెలవదు, ఎవరూ అడగలా, అన్నాడు. వీడియోలో తెల్లాయన చేతిలోది ఇదే. తుడిచి ఇచ్చాడు. ముక్కు బిగుసుకుపోయి కదలనంటోంది గానీ కాడ మాత్రం డబ్బాల మధ్య పాములా పాకింది, ముక్కు వెళ్ళి నట్టును కరుచుకుంది, కింద పిడి తిప్పితే పైన నట్టు తిరిగింది. పట్టిందండోయ్ అని ఆటో డ్రైవరు ఇంటికి పెద్దకొడుకు పుట్టినట్టు అన్నాడు. మరుక్షణం నలుగురికీ ఒకేసారి గుర్తొచ్చింది, అది నూటికి నూరు పాళ్ళు ఇనుము. కొట్టాయన నిట్టూర్చి, నన్నడక్కుండానే ప్లాస్టిక్‌దాన్ని కాగితంలో చుట్టడం మొదలుపెట్టాడు.

ఆ రెండు నిమిషాలు నేను ఆలోచించినంత వేగంగా మళ్ళీ ఎప్పుడూ ఆలోచించలేదు. శని ఇంట్లోకి వస్తే ఏం చేస్తాడు, గేదెను తోలుకుపోతాడు, మాకు ఇక్కడ గేదె లేదు. ఏలినాటి శని అయినా ఏడున్నరేళ్ళు తీరిగ్గా పడతాడు. కింద ఆంటీ అయితే ఒక్క పూటలో పెట్టె సర్దిస్తుంది. సోమవారానికి నేను మా ఊళ్ళో ధాన్యం బస్తాల వెనక ఉంటాను, నా పుస్తకాలతో పాటు.

"అది కాదండి. ఇది" అన్నాను. డైరీలో రాసుకోకుండా, ఒక కొట్లో ఇచ్చింది కాదని నాకు కావాల్సింది అడగడం అదే మొదలు. కొట్టాయన కాగితం వదిలేసి నా మొహంలోకి చూశాడు. శనివారం నాడు తన కొట్లో ఇనుము అమ్ముడుపోవడం ఆయనకు ఏ పండగతో సమానమో గానీ, దాన్ని ఎంతో మర్యాదగా పాత పేపర్లో చుట్టి, మళ్ళీ రండమ్మా అన్నాడు.

పేపరు చిన్నది, కడ్డీ పొడుగు. ముక్కు బయటకు పొడుచుకొచ్చింది. దాన్ని చున్నీ కింద దాచుకుని సందులోకి తిరిగేసరికి కింద ఆంటీ వరండాలో కూర్చుని చీరలకు మడతలు సరిచేస్తోంది. ఏంటమ్మా అది, కొంగలాగా, అంది. అవునాంటీ, అని చెప్పి మెట్లెక్కేశాను. (అంతకన్నా అర్థం లేని జవాబు నేను జీవితంలో ఎవరికీ ఇవ్వలేదు. కానీ ఆవిడ కూడా ఆహా అని మడతల్లో పడిపోయింది.)

గడప దగ్గర నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. పేపరు విప్పి చూసింది. ఇత్తడా అని అడగలేదు, చెక్కా అని అడగలేదు, ఇనుమని దానిమీది తుప్పే చెబుతోంది. నేను తల దించుకుని, ఇదొక్కటే పడుతుంది నాయనమ్మా, మిగతావి అన్నీ చూశాను, అన్నాను. ఆవిడ తిట్టడానికి ఊపిరి పీల్చుకుంది. ఇంతలో లోపలినుంచి, నిండిన గిన్నె అంచు మీద చుక్క పడ్డ చప్పుడు వినిపించింది. నాయనమ్మ వెనక్కి చూసింది, నా వైపు చూసింది, నన్ను అక్కడే నిలబడమని లోపలికి వెళ్ళి, గిన్నె పారబోసి, దేవుడి అర కింది నువ్వుల నూనె సీసా తెచ్చింది. ఆ పనిముట్టును గడపకు అవతలే, నా చేతుల్లోనే ఉంచి, ముక్కు మీద, మెడ మీద ధారగా నూనె పోసి, పెదాలు కదిలిస్తూ ఏదో చదివింది.

"ఆయనకి ఇయ్యాల్సింది ఆయనకిచ్చాం. ఇంక మన పని మనల్ని చేసుకోనిస్తాడులే. లోపలికి రా" అంది.

కొట్లో మొరాయించిన ముక్కు ఆ నూనెకు ఇటూ అటూ హాయిగా వాలడం మొదలుపెట్టింది. నాయనమ్మ దాన్ని వేలితో కదిపి చూసి, చూశావా, శాంతించాడు, అంది. తుప్పు వదిలిందని అనడానికి నాకు నోరు రాలేదు, ఆ క్షణంలో అలా అనాలనీ అనిపించలేదు.

పాత దుప్పటి పరుచుకుని సింకు కింద వెల్లకిలా దూరాను. నాయనమ్మ ఫోను లైటు పట్టుకుంది, ఎక్కువగా నా కళ్ళలోకే. ముక్కు నట్టును పట్టుకుంది. ఇక తిప్పడమే. అక్కడ నా చదువు నన్ను ముంచింది. మామూలుగా బిగించాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి, కానీ నేను కింద పడుకుని ఉన్నాను, నట్టు తలకిందులుగా ఉంది, కాబట్టి దిక్కు మారుతుంది, కాబట్టి అటు కాదు ఇటు, అని లెక్క తేల్చుకుని గట్టిగా తిప్పాను. నేను చూస్తున్నది కింద నుంచే కాబట్టి దిక్కు మారనే మారదని నీళ్ళు నా మొహం మీద కొట్టాక తెలిసింది. ఉలిక్కిపడితే మోచెయ్యి తగిలి పాలగిన్నె బోర్లా పడి, గచ్చు మీద గంట కొట్టినట్టు మోగుతూ దొర్లింది. నాయనమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తుకుని, ఉన్న తువ్వాళ్ళు, దుప్పట్లు, చివరికి నా ఆఫీసు చుడీదారు కూడా తెచ్చి పైపుల మొదట్లో కుక్కింది. కింద నుంచి అడుగుల చప్పుడు మొదలైంది. మెట్ల మీద, వడివడిగా.

నాకు ఏడుపు రాలేదు, దానికి తీరిక లేదు. ముక్కును రెండో వైపుకు వాల్చాను, నట్టును మళ్ళీ పట్టించాను, ఈసారి లెక్కలు వేయకుండా మామూలు మనుషులు తిప్పే వైపే తిప్పాను. ధార సన్నబడింది. ఇంకొంచెం. చుక్కలయింది. పిడిని రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగబట్టి, ఇంకొక్క చుట్టు. ఒక చుక్క నట్టు అంచున వేలాడి, పడాలా వద్దా అని ఆలోచించి, పడింది. తర్వాత ఏమీ రాలేదు. సింకు కింద నుంచి నాకు నాయనమ్మ పాదాలు, వాటి పక్కన ఇంకో జత పాదాలు కనిపించాయి.

కింద ఆంటీ వంగి, తన నేత చీర కొంగు వేలికి చుట్టుకుని, ఆ సందులోకి వేలు పోనిచ్చి నట్టు చుట్టూ తుడిచింది. కొంగు వెలుతురులో పెట్టి చూసుకుంది, రంగు దిగిందేమో చూసినట్టు. కాసేపాగి మళ్ళీ తుడిచి చూసింది. పొడిగా ఉంది. నేను ఆవిడ మొహం చూడలేక సింకు కిందే పడుకున్నాను. పెళ్ళి చీరలు ఎలా ఉన్నాయో అడగడానికి మనసులో వాక్యం కూర్చుకుంటున్నాను. ఆఖరికి ఆవిడే, కిందకేం దిగలా, చప్పుడు విని వచ్చా, ఎవరన్నా పడ్డారేమోనని, అంది.

నాయనమ్మ కూలబడినట్టు పీట మీద కూర్చుంది. ఇంత జరుగుతుంటే కింద ఒక్క మాట చెప్పొచ్చుగా మామ్మగారూ అని ఆంటీ అడిగితే, చెబితే ఇల్లు చూసుకోమంటావుగా అమ్మాయ్ అని నాయనమ్మ ఉన్న మాట అనేసింది.

"అంటే మాత్రం వెళ్ళిపోతారా ఏంటండీ. నేను అందర్నీ అంటాను. మా ఆయన్ని రోజూ అంటాను, ఆయన వెళ్ళాడా?"

నాయనమ్మ ముందు నవ్వింది. తర్వాత ఆంటీ నవ్వింది. నేను సింకు కింద తడి దుప్పటి మీద పడుకుని, ఛాతీ మీద ఆ ఇనప కడ్డీని పెట్టుకుని, పైన పొడిగా మెరుస్తున్న నట్టును చూస్తూ నవ్వాను. అంత తేలిగ్గా ఊపిరి తీసుకుని ఎన్ని రోజులైందో అప్పుడు తెలిసింది. సాయంత్రం నాన్న ఫోను చేసి ఇంటివాళ్ళతో మాటేమీ రాలేదు కదా అని అడిగితే, నాయనమ్మ ఎంతో నిజాయితీగా, వచ్చిందిరా, కాఫీకి రమ్మన్నారు, అంది. మర్నాడు పెళ్ళివాళ్ళు వచ్చి చీరలు తీసుకుపోయారు. నేను కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వాళ్ళ ఎంపికలన్నీ విన్నాను, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా.

ఆ ఇంట్లో ఇంకా కొన్నేళ్ళు ఉన్నాం. తర్వాత నాకు ఉద్యోగం మారింది, నాయనమ్మ మా ఊరు వెళ్ళిపోతానంది, ఖాళీ చేశాం. ఇప్పుడు నేనుండే ఫ్లాటులో ఏది చెడినా మనిషి వచ్చి బాగుచేసి వెళతాడు, నేను సింకు కింద దూరాల్సిన పని లేదు. అయినా కొత్త మనిషితో మాట్లాడాలంటే ఇప్పటికీ నా చెయ్యి డైరీ వైపు వెళుతుంది. నీళ్ళు మొహం మీద పడుతున్నా పిడి వదలని ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల మీద నాకు కొంచెం అసూయ కూడా. ఆ పిల్ల తనను తాను పిరికిదాన్ని అనుకునేది. పక్కన కూర్చోబెట్టుకుని కాదే అని చెప్పాలనిపిస్తుంది గానీ, ఎదురుపడితే ఇద్దరం మొహమాటపడి చెరో వైపూ చూస్తామేమో.

మేము ఖాళీ చేసిన రోజు సామాను ఆటోలో పెట్టేశాక, కింద ఆంటీ గేటు దాకా వచ్చింది. మా తర్వాత పై వాటాలోకి దిగబోయే కొత్త దంపతులు అప్పటికే వచ్చి వరండాలో బెరుకుగా నిలబడి ఉన్నారు. ఆంటీ వాళ్ళ వైపు ఒకసారి చూసి, నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి, గొంతు బాగా తగ్గించి అంది.

"ఆ నీళ్ళ సంగతి వాళ్ళకి నువ్వే చెప్పి వెళ్ళమ్మా. నేను చెప్తే బెదిరిపోతారు."